ఏడో పడవ అసలు శ్రుతి

ఆ ఏడు మా బకీ ఊరి చేపల రేవు మీద పొగమంచు మే నెలలో దిగి, జూన్ చివరిదాకా లేవలేదు. పడవలు కనబడేవి కావు, వాటి కూతలు మాత్రం వినబడేవి. రొట్టెల దుకాణంలో బల్ల వెనక నిలబడి నేను బటరీలనే వేడి వెన్న రొట్టెలను కాగితంలో చుడుతూ ఉంటే, మంచులోంచి తలుపు తోసుకుని వచ్చిన ప్రతి మనిషీ ఒకటే అడిగేవాడు: ఆగస్టులో మీ నాన్న పాడతాడా?

పాడతాడు అనేదాన్ని. ఆ మాట నిజమో కాదో నాకే తెలియదు.

మా నాన్న ఎక్ ఫిండ్లే ‘నార్త్ స్లిప్’ అనే రాక్ బృందానికి గాయకుడు. మరమ్మతుకి పడవలను ఒడ్డుకి లాగే ఉత్తరపు వాలుగట్టు పేరునే కుర్రతనంలో తమకు పెట్టుకున్నారు. నలభై ఏళ్ళు దాటాయి. డ్రమ్ములు వాయించేవాళ్ళు మారారు, కీబోర్డు వాళ్ళు మారారు, మా నాన్న గొంతూ ఆయన స్నేహితుడు డగ్ ఇమ్లాక్ గిటారూ మాత్రం మారలేదు. అప్పటికే వాళ్ళవి మూడు గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్‌లు వచ్చాయి. మొదటిది నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడు, క్యాసెట్టుగా. రెండోది మెరిసే సీడీ పళ్ళెంగా. మూడోది బజారులో టీ పొట్లాల పక్కన అమ్మకానికి పెట్టిన రోజుల్లో. ప్రతిసారీ అట్ట మారింది, పాటల వరస మారింది, ఆఖరి పాట మారలేదు. అది ‘ఏడో పడవ’.

ఆ పాటలో హెర్రింగ్ చేపల వేటకు ఏడు పడవలు వెళతాయి, ఆరు తిరిగి వస్తాయి. గట్టు మీద ఆడవాళ్ళు ఏడోదాని కోసం చూస్తారు. చివరికి ఒక్కటే మాట, మూడుసార్లు: వచ్చింది. పాటంతా గొంతు కలిపి పాడే జనం ఆ మాట దగ్గర ఆగిపోతారు. ఎవరు నేర్పారో తెలియదు, మా తీరమంతటా అదే ఆచారం. వేల మంది ఊపిరి బిగబట్టి నిలబడితే, మా నాన్న ఒక్కడే ఆ మాటను ఎత్తి ఆకాశానికి అందించాలి.

ముందటి ఏడు శరత్కాలపు కచేరీలో, ఇన్వర్నెస్‌లో, ఆ మాట సగంలో విరిగింది. ఎవరూ నవ్వలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే ఆయన్ని కుంగదీశాయి.

అప్పటినించి మా ఇంట్లో పాట లేదు. టీ నీళ్ళు మరిగేలోగా రెండు చరణాలు పాడేసే మనిషి, గిన్నె పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. రోజూ పెరటి కొట్లోకి వెళ్ళి మొదటి ఆల్బమ్ పెట్టుకుని, ఆ ఒక్క మాట విని, ఆపేసి వచ్చేవాడు. ఆ ఇరవై ఏళ్ళ కుర్రాడి దగ్గర రోజూ హాజరు వేయించుకుంటున్నాడని అమ్మ అనేది. మా అమ్మ నెట్టా వేళాకోళం చేస్తోందంటే లోపల భయపడుతోందని అర్థం. అయినా ఆ వేళాకోళానికి నాన్న ఇదివరకటిలా ఇల్లు అదిరేలా అరవలేదు.

ఇంతలో నాలుగో గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్ ఖాయమైంది. ఆగస్టులో విడుదల, ఆ రోజే మా రేవు మీద కచేరీ.

జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం డగ్ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అమ్మ పొగబెట్టిన హాడక్ చేపతో చారు కాచింది. డగ్ రెండు చెంచాలు తాగి, గరిటెలా పెద్దదైన తన చేతిని బల్లమీద పరిచి, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“ఒరేయ్ ఎక్. ఆ ఒక్క మాటే కదా. రికార్డులోంచి తీసి వెనకనించి వేద్దాం. నువ్వు నోరు తెరిచి నిలబడితే చాలు. ఎవడు కనిపెడతాడు?”

“నా నోట్లో వేరేవాడి గొంతు పెడతానంటావు.”

“వేరేవాడేంట్రా, నువ్వే కదా వాడు.”

నాన్న రొట్టె తుంచి, తినకుండా పళ్ళెం అంచున పెట్టాడు. అప్పుడు అమ్మ, ఎన్నోసారో మరి, శ్రుతి దించుకోమంది. చర్చిలో వయసు మళ్ళినవాళ్ళందరూ దించుకునే పాడుతున్నారని, దేవుడు ఎవరినీ తప్పుపట్టలేదని అంది.

“దించితే ఊరికి తెలిసిపోతుంది నెట్టా,” అన్నాడు నాన్న. “ఒకప్పుడు అందినది ఇప్పుడు అందట్లేదని నా అంతట నేనే చాటింపు వేసుకున్నట్టు.”

“తెలిస్తే ఏమైంది? వాళ్ళ మోకాళ్ళు వంగట్లేదని నీకు తెలియదా?”

“మోకాళ్ళకి రికార్డు లేదు. నాకుంది.”

నాన్న కిటికీ వైపు చూస్తూ, ఆగస్టులో ఆ మాట అందుకోవాలని చూస్తానని, అందకపోతే అదే ఆఖరి కచేరీ అని, ఆ తర్వాత వేదిక మీద గాని ఇంట్లో గాని ఇక పాడనని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. వాన వచ్చేలా ఉందన్నట్టు చెప్పాడు. డగ్ చారు చల్లారిపోయింది. అమ్మ లేచి, మూత పెట్టే ఉన్న ఉప్పుడబ్బాకి మళ్ళీ మూత బిగించింది.

ఆయన పాడకపోతే ఆ ఇంట్లో మేం ముగ్గురం ఎలా బతుకుతామో ఆ క్షణంలో నాకు ఊహకి అందలేదు. చిన్నప్పటినించీ నేను గొంతెత్తి మాట్లాడే పిల్లను కాను. ఆ అవసరం నాకెప్పుడూ రాలేదు, ఇంటి నిండా ఆయన గొంతే ఉండేది.

జూన్ చివర మంచు లేచింది, ఆల్బమ్ గురించి కబురూ వచ్చింది. కొత్త ఆల్బమ్‌కు పాటలను శుభ్రం చేస్తున్న అమ్మాయి ఐలీ మచ్, ఎల్గిన్‌లో పాత చర్చి హాలును పనిశాలగా చేసుకుంది. ఇంతకుముందు మూడు ఆల్బమ్‌లూ ఒకే నకలులోంచి తీసినవని, నకలుకి నకలు తీసి పాట నలిగిపోయిందని, ఈసారి పాట పాడిన రోజున తిరిగిన అసలు రీలే కావాలని ఆమె పట్టుబట్టింది. వెతగ్గా వెతగ్గా ఆ రీలు డగ్ వాళ్ళ నాన్న వలలు దాచే అటక మీద, తారు వాసన కొడుతూ దొరికింది.

పాత టేపు తేమ పీల్చి జిగురు తేలుతుందట. అలాగే తిప్పితే పాట పొరలు పొరలుగా ఊడిపోతుందట. అందుకని ఆపిల్ ముక్కలు ఆరబెట్టే యంత్రంలో సన్నని వేడి మీద రోజంతా ఉంచి, ఆ తర్వాతే వినాలి. ఈ సంగతి దుకాణంలో నా నోట జారింది, సాయంత్రానికల్లా ఊరు చుట్టింది. జీవితమంతా చేపలు పొగబెట్టిన ముసలి జోక్ స్లేటర్ మర్నాడు బటరీలు కొంటూ, ఆరబెట్టడం మాకేం కొత్త కాదులే అన్నాడు. “మీ నాన్నని కూడా ఓ పూట అందులో పెట్టమనవే పిల్లా. గొంతులో చెమ్మంతా పోతుంది.”

నేను నవ్వాను. నవ్వి, లోపలికి వెళ్ళి పిండి బస్తా మీద కాసేపు కూర్చున్నాను.

జూలైలో ఒక ఉదయం ముగ్గురం ఎల్గిన్ వెళ్ళాం. నేనే కారు నడిపాను. నాన్నని విని చూడమని ఐలీ పిలిచింది. అమ్మని ఎవరూ పిలవలేదు, ఫ్లాస్కులో టీ పోసుకుని ఆమే వెనకసీట్లో ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా బార్లీ చేలు గాలికి ఒక పక్కకి ఒరుగుతున్నాయి. నాన్న పరీక్ష ఫలితం తెలుసుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళే మనిషిలా ఒళ్ళో టోపీ పట్టుకుని కూర్చున్నాడు.

ఐలీకి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మాటలు తక్కువ. మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఇది ఎక్కువసార్లు తిప్పగలిగే టేపు కాదని, అందుకే తిరుగుతున్నప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించానని చెప్పి, మీట నొక్కింది.

ముందు పాట రాలేదు, గదిలో మనుషులు వచ్చారు. ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో దగ్గారు. లేత గొంతుతో డగ్ ఎవరినో తిట్టాడు. ఆ వెంటనే ఒక యువకుడు, మా బకీ యాసలో, తాపీగా అన్నాడు: “త్వరగా కానివ్వండ్రా. నెట్టా బయట వానలో నిలబడింది.”

అమ్మ చేతిలో ఫ్లాస్కు మూత ఆగిపోయింది.

తర్వాత పాట మొదలైంది. విశాలంగా, నింపాదిగా, అలకి లొంగి ఊగే పడవలా. నాన్న మొహం చిట్లించాడు.

“యంత్రం నెమ్మదిగా తిరుగుతోందమ్మా.”

“లేదండీ. సరిగ్గానే తిరుగుతోంది.”

“పాట ఇలా ఉండదు. నేను రోజూ వింటాను.”

ఐలీ వాదించలేదు. పోల్చుకోమని రికార్డులోని పాటను వినిపించింది. అది నిజంగానే వేగంగా, మరింత ఎత్తున, మిలమిలలాడుతూ ఉంది. అప్పుడామె ఒక మీటను మెల్లగా తిప్పుతూ పోయింది. టేపులోని పాట పరుగందుకుంది, శ్రుతి పైకి జరిగింది, జరిగి జరిగి రికార్డుతో అచ్చంగా కలిసిపోయింది. మీటను అక్కడే ఉంచి, ఆమె పాట ముందరి మాటలను మళ్ళీ వినిపించింది.

త్వరగా కానివ్వండ్రా, నెట్టా బయట వానలో నిలబడింది. ఈసారి ఆ మాట ఒక బాతు అన్నట్టుగా వచ్చింది.

“రికార్డు శ్రుతిలో మీరు మాట్లాడితే ఇలా ఉంటుంది,” అంది ఐలీ.

“ఇతన్నయితే నేను పెళ్ళాడేదాన్ని కాదు,” అంది అమ్మ.

ఐలీ మొదటిసారి నవ్వింది. రేడియోలో మెరవాలని, మూడు నిమిషాల్లో ఒదగాలని, రికార్డు అచ్చువేసేటప్పుడు కంపెనీలో ఎవరో టేపు వేగం పెంచి ఉంటారంది. ఆ రోజుల్లో అది మామూలేనంది. మూడు ఆల్బమ్‌లూ ఆ పరుగు నకలులోంచే వచ్చాయి కాబట్టి తేడా ఎవరికీ కనబడలేదంది. నాన్న ఇవన్నీ విన్నాడో లేదో తెలియదు. ఆఖరి మాట వినిపించమన్నాడు, సరైన వేగంలో.

వచ్చింది.

మళ్ళీ వినిపించమన్నాడు. రెండోసారి టేపు ఆ మాట అంటూండగా ఆయన పెదవులు విడివడ్డాయి. కూర్చున్నచోటే, మోకాలి మీద టోపీతో, మెడనరం బిగియకుండా, ఆ కుర్రాడితో పాటు ఆ మాటను పాడేశాడు. రెండు గొంతులూ ఒక దారినే వెళ్ళాయి. టేపు ఆగాక కూడా ఆయన గొంతు కాసేపు సాగి, తనంతట తాను దిగింది.

“అయితే ఆ ఎత్తు నేనెప్పుడూ...” అన్నాడు.

“రికార్డు చేసిన రోజున పాడలేదు,” అంది ఐలీ. “ఆ తర్వాత ఇన్నేళ్ళు వేదికల మీద పాడారట కదా. అది ఎలా పాడారో నాకు తెలియట్లేదండీ.”

నాన్న కిటికీలోంచి చూశాడు. అక్కడ చూడవలసినదేం లేదు, ఒక గోడ, గోడ మీద పిల్లి. తర్వాత అమ్మ వైపు తిరిగి, టీ ఇంకా వేడిగా ఉందా అని అడిగాడు.

తిరుగు ప్రయాణంలో ఎక్కువగా అమ్మే మాట్లాడింది. ఆ రోజు ఆబర్డీన్‌లో స్టూడియో చూరు కింద తాను తడిసిపోయిందట. పాట ముగించి బయటికొచ్చి క్షమాపణ చెప్పింది ఆ టేపులోని గొంతేనట. కొన్నాళ్ళకి రేడియోలో పాట వింటే ఎవరో పరాయివాడు పాడినట్టనిపించిందట. కట్టుకోబోయేవాడి పాట నచ్చలేదంటే బాగుండదని ఊరుకుందట.

“నలభై ఏళ్ళు ఊరుకున్నావా?” అన్నాడు నాన్న.

“నువ్వు అడగలేదుగా.”

సాయంత్రం డగ్ వచ్చి సంగతంతా నిలబడే విన్నాడు. విని, బయటికెళ్ళి, కారులోంచి గిటారు పెట్టె తెచ్చి, గిటారు మెడకు బిగించే చిన్న ఇనుప పట్టీని బల్లమీద పెట్టాడు. తీగలన్నిటినీ నొక్కిపట్టి శ్రుతిని పైకెత్తే పట్టీ అది. మేమెప్పుడు చూసినా ‘ఏడో పడవ’ ముందు అతని చెయ్యి దానికోసం జేబులోకి వెళ్ళేది.

“పాట రేడియోలో వచ్చిన వారమే కొన్నాను దీన్ని,” అన్నాడు. “మనం తప్పు వాయిస్తున్నామనుకున్నాను. జనం విన్నట్టే వినిపించాలి గదా అని పైకెత్తాను. నీకు చెప్పాననే అనుకున్నాను రా.”

“చెప్పే ఉంటావు. అప్పుడు ఇంకో మెట్టు ఎత్తినా పాడేవాణ్ణి.”

డగ్ మొహం కడుక్కుని వచ్చి, ఇక ఆల్బమ్ మాటెత్తాడు. అసలు పాటనే, అసలు వేగంలో వేయించాలన్నాడు. కంపెనీవాళ్ళు నసుగుతారు, తాను చూసుకుంటానన్నాడు. నిజం బయటపడ్డాక ఇంకా ఆ పరుగు పాట ఎందుకని గట్టిగానే అన్నాడు. నాన్న కూడా అవునంటాడనే నేననుకున్నాను.

“వద్దు,” అన్నాడు నాన్న. “ఆ పాటతో జనం పెళ్ళిళ్ళు చేసుకున్నారు. శవాలు మోశారు. మంచులో పడవలు నడిపారు. ఇప్పుడు వెళ్ళి, మీరు విన్నది తప్పుపాట అని చెప్పమంటావా? ఆల్బమ్‌లో ఆ కుర్రాడినే పాడనీ. రేవు మీద నేను పాడతాను.”

ఆ రాత్రి భోజనాల వేళ అమ్మ చిన్న విషయానికి ఆయన్ని దెప్పింది. ఆయన అంతకు రెట్టింపు గొంతుతో జవాబిచ్చాడు. పక్కింటివాళ్ళు గోడ మీద తట్టారు. నాకు కడుపు నిండినంత తృప్తి కలిగింది.

అయినా ఆగస్టు దాకా బెంగ పూర్తిగా పోలేదు. తెలుసుకున్నది ఐలీ కాక మేం నలుగురం, వినబోయేది ఊరంతా. పాట నెమ్మదించిందని, ఎక్ ముసలివాడయ్యాడని అనుకోరని ఎవరు చెప్పగలరు? అసలు కథ ముందే చెప్పేద్దామని డగ్ అంటే నాన్న ఒప్పుకోలేదు. పాటకి సంజాయిషీ రాసి అంటించనన్నాడు.

కచేరీ రోజున ఎండ కాసింది. సాయంత్రం ఏడైనా సూర్యుడు రేవు నీళ్ళ మీద పూర్తి వెలుగుతోనే ఉన్నాడు. పడవలన్నీ కట్టేశారు, వాటి మీద కూడా జనం. అమ్మా నేనూ వేదికకు పక్కగా, జోక్ స్లేటర్ వెనకనే నిలబడ్డాం. పాటలు ఒక్కొక్కటే గడిచాయి. ఆఖరి పాటకి ముందు డగ్ చెయ్యి అలవాటుగా జేబు దగ్గరికి వెళ్ళి, ఖాళీగా వెనక్కి వచ్చింది.

తొలి తీగలు మోగాయి. జనం ఎప్పటిలా పై ఎత్తుకి సిద్ధమై నోళ్ళు తెరిచారు, మొదటి చరణంలో అక్కడక్కడా తడబడ్డారు. ఎవరో తల తిప్పి పక్కవాడి మొహం చూశారు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. రెండో చరణానికి తడబాటు సర్దుకుంది. అప్పుడు నేనెన్నడూ వినని ఒక చప్పుడు విన్నాను. ఇన్నేళ్ళుగా ఈ పాటకి పెదవులు మాత్రం కదిపిన మొగవాళ్ళు, పడవల మీదివాళ్ళు, మరమ్మతు షెడ్డు వాళ్ళు, బొంగురు గొంతులవాళ్ళందరూ పాడుతున్నారు. పాట వాళ్ళ దగ్గరికి దిగి వచ్చింది.

ఆరు పడవలు వచ్చాయి. జనం ఆచారం ప్రకారం ఆగిపోయారు. పక్షుల అరుపులు మాత్రం మిగిలాయి.

నాన్న కళ్ళు మూసుకోలేదు. మెడ ఎత్తలేదు. ఎదురుగా నిలబడ్డవాళ్ళకి కబురు చెబుతున్నట్టు పాడాడు: వచ్చింది. నిండుగా, గుండ్రంగా, ఎక్కడా చిట్లకుండా ఆ మాట నీళ్ళ మీదుగా అవతలి గట్టుదాకా వెళ్ళింది. అమ్మ పట్టు వదలలేదు గానీ, వేళ్ళు మెత్తబడ్డాయి.

రెండోసారి పాడబోతూండగా, మా ముందు జోక్ స్లేటర్ భుజాలు కదిలాయి. ముసలాయన తనకు తెలియకుండానే ఆ మాట అందుకున్నాడు. నాన్న అటు చూశాడు. అందుకున్నది ఒక్క జోక్ కాదు. ఆ ఎత్తు ఇప్పుడు మనిషి గొంతుకి అందే ఎత్తు, అది ఊరికి అర్థమయింది. మూడోసారికి నాన్న మైకు దించి, పక్కకి జరిగి నిలబడ్డాడు. రేవంతా తన ఏడో పడవని తానే పిలిచి ఒడ్డుకి తెచ్చుకుంది. ఆయనకి చెయ్యవలసిన పని ఏమీ మిగలలేదు, నవ్వడం తప్ప.

కచేరీ అయ్యాక గట్టు గోడ మీద కూర్చున్నాం. ఇంకా వెలుతురుంది. నాన్న తనకి ఆకలేస్తోందని చెప్పాడు, ఆ మాట ఆయనకే కొత్తగా ఉన్నట్టు. కచేరీ రోజున ఆయన పొద్దుటినించీ ఏమీ ముట్టడని నాకు తెలుసు, గాయకులందరికీ అదే పద్ధతి కాబోలు అనుకునేదాన్ని. నేను వెళ్ళి వేయించిన హాడక్, బంగాళాదుంపల పొట్లాలు తెచ్చాను. వెనిగర్‌తో తడిసిన కాగితాన్ని ఒళ్ళో విప్పుకుని, తన పొట్లం ముగించి, అమ్మ పొట్లంలోంచి తీసుకుని తింటూ ఉంటే జోక్ స్లేటర్ మా ముందు ఆగాడు.

“ఎక్, నిజం చెప్పనా?” అన్నాడు. “కుర్రాడిగా ఉన్నప్పుడు నీ గొంతు కొంచెం కీచుగా ఉండేదిరా. వయసొచ్చాకే బాగుపడింది.”

అమ్మ సముద్రం వైపు మొహం తిప్పేసుకుంది. నవ్వు ఆపుకోలేక ఆమె భుజాలు ఊగుతున్నాయి. నాన్న అమ్మ పొట్లంలోంచి ఇంకో ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.